గుద్దినవాడితో కాదు రా గొడవ, మన కంపెనీతోనే

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో, కారు ప్రమాదంలో దెబ్బ తిన్న లావణ్య భుజం గురించి అడిగావు. పిల్లల గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆపరేషన్ బాగానే జరిగింది. చెయ్యి ఇప్పుడు తల పైదాకా లేస్తోంది. గ్రైండర్ రాయి ఎత్తడం, నిండు కుక్కర్ దించడం మాత్రం ఇంకా నా పనే. "గుద్దినవాడి ఇన్సూరెన్స్ ఇస్తుంది కదా, ఇంకా గొడవేంటి?" అన్నావే, దానికి తీరిగ్గా జవాబు రాయాలనిపించింది. నువ్వు కూడా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో రెండు కార్లు నడుపుతున్నావు, చెల్లెమ్మ రోజూ హైవే మీదే ఆఫీసుకి వెళ్తుంది. అందుకని కాస్త ఓపిగ్గా చదువు.

గుద్దినవాడి ఇన్సూరెన్స్ ఇవ్వాల్సిందంతా ఇచ్చేసింది. మా వాషింగ్టన్ రాష్ట్రంలో చట్ట ప్రకారం ఉండాల్సిన కనీస కవరేజ్ ఒక మనిషి గాయాలకి 25 వేల డాలర్లు, ప్రమాదం మొత్తానికి గాయాల కింద 50 వేలు, ఆస్తి నష్టానికి 10 వేలు. అతను సరిగ్గా అంతే తీసుకున్నాడు. ఎమ్మారై, భుజం ఆపరేషన్, నెలల తరబడి ఫిజియోథెరపీ, జీతం లేని సెలవులు, ఇన్నిటికీ 25 వేలు ఏ మూలకి? ఇలాంటప్పుడు ఆదుకోవడానికే మన పాలసీలో అండర్ ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజ్ ఉంటుంది. ఇక్కడ అందరూ యూఐఎం అంటారు. తప్పు చేసినవాడి ఇన్సూరెన్స్ చాలకపోతే, మిగతా నష్టం మన కంపెనీ మన లిమిట్ దాకా భరించాలి. మాకు లక్ష డాలర్లకి ఉంది. దానికి విడిగా ప్రీమియం కడుతూనే ఉన్నాం.

గొడవంతా ఆ లక్ష దగ్గరే.

మొదట్లో అడ్జస్టర్, అంటే క్లెయిమ్ చూసే మన కంపెనీ ఉద్యోగి, ఎంత మర్యాదగా మాట్లాడాడో! "మీరు మా కస్టమర్, మేం చూసుకుంటాం" అన్నాడు. తర్వాత పదేళ్ల మెడికల్ రికార్డులు తెప్పించుకోవడానికి సంతకం పెట్టమన్నాడు. వాటిలో ఏం పట్టుకున్నాడో తెలుసా? మా చిన్నాడు కడుపులో ఉన్నప్పుడు లావణ్య నడుం నొప్పికని ఫిజియో దగ్గరికి వెళ్లిన కాగితం. "ముందునుంచే ఉన్న సమస్య" అని రాసుకున్నాడు. నడుముకీ భుజానికీ ఏం సంబంధం రా? ఆ తర్వాత మా కారు బంపర్ ఫోటో పంపి, దెబ్బ చిన్నదే కదా అన్నాడు. ఇంతలో అడ్జస్టర్ మారాడు, కొత్తాయన పాత కాగితాలే మళ్లీ మొదటినుంచి అడిగాడు. కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి. చివరికి వచ్చిన ఆఫర్ 6 వేల డాలర్లు. ఈ గాయం ప్రమాదం వల్లే అయిందని సర్జన్ రాసిచ్చిన లెటర్ వాళ్ల ఫైల్లోనే ఉంది. ఆఫర్ లెటర్లో దాని ప్రస్తావన ఒక్క ముక్క లేదు. "మా అంచనా ప్రకారం ఇది న్యాయమైన మొత్తం" అని ఒక్క వాక్యం, అంతే.

ఆ లెటర్ చదివిన రాత్రి లావణ్య ఏమందో తెలుసా? "నేను అబద్ధం చెప్తున్నాననా వీళ్ల ఉద్దేశం?" అంది. భుజం నొప్పి కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

లాయర్ చెప్పాకే నాకు దీని లోపలి మెలిక అర్థమైంది. యూఐఎం క్లెయిమ్‌లో మన కంపెనీ చట్టరీత్యా గుద్దినవాడి స్థానంలో నిలబడుతుంది. తప్పు ఎవరిదని, నష్టం నిజంగా ఎంతని, వాడి తరఫు లాయర్ వాదించగలిగినవన్నీ మన మీద వాదించొచ్చు. అంతవరకు తప్పు లేదు. అయితే అలా వాదించేటప్పుడు కూడా మనతో నిజాయితీగా ఉండాల్సిన బాధ్యత దానికి పోదు. 2001లో ఎల్‌వైన్ కేసులో వాషింగ్టన్ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆ కేసులో కంపెనీ తన పాలసీదారు తరఫున వాదించడానికి పెట్టుకున్న నిపుణుణ్ణే తర్వాత యూఐఎం క్లెయిమ్‌లో ఆ పాలసీదారు మీదికి తిప్పింది. అది నమ్మకద్రోహమేనని కోర్టు తేల్చింది. ఇలాంటి ప్రవర్తననే ఇక్కడ బ్యాడ్ ఫెయిత్ అంటారు. కంచే చేను మేయడం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

రూల్స్ లేకపోలేదు. క్లెయిమ్ అందినట్టు 10 పని దినాల్లో చెప్పాలి. సహేతుకమైన అడ్డంకి లేకపోతే విచారణ 30 రోజుల్లో ముగించాలి. క్లెయిమ్ కాదన్నా, తక్కువ ఇస్తామన్నా ఎందుకో వివరంగా చెప్పాలి. నాకు అన్నిటికన్నా నచ్చిన రూల్ ఇంకోటుంది: చివరికి వచ్చేదానికన్నా బాగా తక్కువ ఆఫర్ చేసి పాలసీదారుని కోర్టుకెక్కేలా చేయడం అన్యాయమైన పద్ధతుల కిందికి వస్తుందని స్పష్టంగా రాశారు. దానికి తోడు 2007లో వచ్చిన ఇన్సూరెన్స్ ఫెయిర్ కాండక్ట్ యాక్ట్ ఉంది. కంపెనీలు విపరీతంగా డబ్బు కుమ్మరించి వద్దన్నా, రెఫరెండంలో ఓటర్లు దాన్ని గెలిపించారు. క్లెయిమ్‌ని కారణం లేకుండా తిరస్కరిస్తే అసలు నష్టానికి మూడు రెట్ల దాకా, లాయర్ ఫీజుతో సహా, కోర్టు ఇప్పించొచ్చు. దావాకి 20 రోజుల ముందు కంపెనీకీ, రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్‌కీ నోటీసు ఇవ్వాలి. అలాగని రూల్ తప్పారు కదా అని ఆ ఒక్క కారణంతో ఈ చట్టం కింద దావా వేయడం కుదరదు. 2017లో సుప్రీంకోర్టు ఆ సంగతి కూడా తేల్చింది, అది కూడా యూఐఎం కేసే. తిరస్కరణ అన్యాయమని నిరూపించాలి. ఆఫర్ తక్కువైనంత మాత్రాన ప్రతీదీ బ్యాడ్ ఫెయిత్ కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ సర్జన్ లెటర్ పక్కన పడేసి, నడుం నొప్పి కాగితం పట్టుకుని వేలాడితే దాన్ని ఏమనాలి?

మీ టెక్సస్‌లో ఇంకా కష్టం రా. కంపెనీ పాలసీదారుతో నిజాయితీగా వ్యవహరించాలని అక్కడి సుప్రీంకోర్టు 1987లో ఆర్నాల్డ్ కేసులో చెప్పింది. ఆర్నాల్డ్ బైక్‌ని ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దిన కేసు అది. బాగానే ఉంది కదా అనుకుంటే, 2006లో బ్రెయినార్డ్ కేసు వచ్చింది. ఎదుటివాడిదే తప్పని, వాడి ఇన్సూరెన్స్ చాలదని కోర్టు తీర్పు వచ్చేదాకా యూఐఎం డబ్బు కట్టాల్సిన బాధ్యత కంపెనీకి లేదని అందులో తేల్చారు. అంటే ముందు దావా, తర్వాత డబ్బు. ఆస్పత్రి బిల్లులు కలెక్షన్స్‌కి, అంటే బాకీలు వసూలు చేసేవాళ్ల చేతికి, పోతుంటే అంతకాలం ఎవరు ఆగగలరు? ఎంతిస్తే అంత పుచ్చుకుని సంతకం పెట్టేస్తారు. కంపెనీలకి ఆ సంగతి బాగా తెలుసు.

అందుకే కొన్ని సంగతులు ఇప్పుడే చూసుకో. టెక్సస్‌లో యూఐఎం వద్దనాలంటే రాతపూర్వకంగా వద్దనాలి. ఆన్‌లైన్‌లో పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం తగ్గుతుందని చకచకా సంతకాలు పెట్టిన పేజీల్లో అది ఉందేమో చూడు. అక్కడ కనీస లిమిట్ ఒక మనిషికి 30 వేలే, కాబట్టి నిన్ను గుద్దేవాడి దగ్గర అంతకన్నా ఉంటుందని నమ్మకం పెట్టుకోకు. ఖర్మ కాలి ఏదైనా జరిగితే, గుద్దినవాడి కంపెనీ చెక్కు పంపింది కదా అని సంతకం చేయకు, ముందు మన కంపెనీకి రాతపూర్వకంగా చెప్పు. ఫోన్లో ఏం మాట్లాడినా, "మీరు ఇలా అన్నారు" అని అదే రోజు ఈమెయిల్ పెట్టు. మెడికల్ రికార్డులకి గంపగుత్తగా సంతకం పెట్టకు, ఏ గాయానికి ఏవి కావాలో అవే ఇవ్వు. పెద్ద గాయమైతే లాయర్‌తో మాట్లాడాకే స్టేట్‌మెంట్ ఇవ్వు.

మా నోటీసు పోయిన వారమే వెళ్లింది. 20 రోజుల గడువు ఇంకా ఉంది. మొదటి ఫలితం అప్పుడే కనిపిస్తోంది: సర్జన్‌తో మాట్లాడాలని కంపెనీవాళ్లే ఇప్పుడు అడుగుతున్నారు. ఇన్నాళ్లూ ఆ ఊసే ఎత్తలేదు. సరైన మొత్తం ఇస్తే సరి, లేకపోతే దావా వేస్తాం. లావణ్య కూడా అదే మాట మీద ఉంది, నాకన్నా గట్టిగా.

నీ పాలసీ మొదటి పేజీ, లిమిట్లు కనిపించేలా, వాట్సాప్‌లో పంపు. ఆదివారం ఫోన్ చేస్తాను, కూర్చుని లైను లైను చూద్దాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రవి