ఇంటూ మార్కుల గొడవ మళ్లీ మొదలైంది

ఒరేయ్ జామకాయా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, తప్పు నాదే. అమ్మ మోకాళ్ల నొప్పులు అట్లాగే ఉన్నాయి, పత్తి ఒక విడత ఏరించాం, పెద్దమ్మాయికి సైకిలు కొన్నాం. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి. ఫోన్లో చెప్తే మధ్యలో నవ్వి చెడగొడతావు, అందుకే రాస్తున్నా.

మన ఊరి వాట్సాప్ గ్రూపుకి నేనే కదా అడ్మిన్ని (నువ్వు గుడ్ మార్నింగ్ గులాబీలకి తట్టుకోలేక పారిపోయావులే). మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఒకటి పడింది. "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగింది, అందరికీ పంపండి" అని. నెత్తిన రెండు బాణాలు, అంటే ఎక్కడెక్కడో తిరిగొచ్చిన సరుకు. అంతవరకైతే సరే. కిందనే మన బడి ముందు రావిచెట్టు దగ్గర గోనెసంచితో కూర్చున్న మనిషి ఫోటో పెట్టారెవరో!

నాకు గుండె జారింది. 2018 మే గుర్తుందా? కట్టెలు పట్టుకుని రాత్రంతా కాపలా కాశాం, మీ నాన్న చీకట్లో మీ మేనమామనే పట్టుకున్నాడు! అప్పుడు మన ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా డప్పు కొట్టించి, పాటలు పాడించి, అదంతా అబద్ధమని చెప్పించింది కాబట్టి సరిపోయింది. ఒక్కసారికి ఐదుగురికి మించి పంపనివ్వనని వాట్సాప్ వాడు కట్టడి పెట్టింది కూడా ఆ ఏడాదే.

టక్కున రెండూ తీసేశా. ఘనకార్యం చేశాననుకున్నా. కానీ అడ్మిన్ తొలగించాడని నా పేరుతో ఒక ముక్క మిగుల్తుంది చూడూ, దాంతో అంటుకుంది. "ఎందుకు తీశాడు?" "ఏదో దాస్తున్నాడు." "స్టేషన్ నుంచి ఫోనొచ్చిందంట." అంతకుముందు పదిమంది చూశారో లేదో, తీశాక ఊరంతా వెతికింది. ఎవడో స్క్రీన్‌షాట్ తిప్పాడు. స్క్రీన్‌షాట్ పంపితే నెత్తిన బాణాలు ఉండవు కదా, అప్పుడే పుట్టినట్టుంటుంది.

పదింటికల్లా ముప్పై మంది ఆంజనేయస్వామి గుడి ముందు. ఆ మనిషి అరుగు మీద పడుకునున్నాడు. నేను ఉరికేసరికే సంచి బోర్లించారు. ఏం పడ్డాయో తెలుసా? వెంట్రుకల ఉండలు, స్టీలు గిన్నెలు! జుట్టుకి సామాన్లిచ్చేవాడు రా. ఇంతలో మా అమ్మ, ఆ మోకాళ్లతోనే, చేతిలో మూతగిన్నె పట్టుకుని వచ్చింది. "వీడు దొంగైతే నేను పెద్ద దొంగని. గుప్పెడు రాలుజుట్టు ఇచ్చి గిన్నె తీసుకుని, మూత కూడా గుంజుకున్నా" అంది. అందరూ నవ్వేశారు.

వాడు నవ్వలేదు. ఆ ఉండల్ని ఒక్కొక్కటే ఏరి మట్టి దులిపి సంచిలో వేసుకుంటున్నాడు, చేతులు వణుకుతున్నాయి. తెల్లారి బస్సు కూడా రాకముందే నడిచి వెళ్లిపోయాడట. నేను ఒక మాటైనా... సరే వదిలెయ్.

మర్నాడు కిరాణం మామని అడిగా, నా మాట ఎందుకు నమ్మలేదని. "సర్పంచ్ ఎన్నికలప్పుడు మాది తీశావు, నీ బావమరిదిది ఉంచావు" అన్నాడు. నోరు పెగల్లేదు. నిజమే కదా! ఏడో తరగతిలో క్లాసు లీడర్ని నేనే కదా, మాట్లాడినవాళ్ల లిస్టులో నీ పేరు పక్కన ఇంటూలు పడగానే రెండు జామకాయలకి తుడిచేసేవాణ్ణి. ఎవరూ చూడట్లేదనుకున్నాం. క్లాసంతా చూసింది రా.

మా బావమరిదైతే "సభ్యులు పెట్టినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని 2022లోనే కేరళ హైకోర్టు చెప్పింది, నీకెందుకు తలనొప్పి" అంటాడు. కోర్టు వదిలినా కిరాణం మామ వదలడు కదా. అందుకే ఆయన్నే రెండో అడ్మిన్ని చేశా. ఎవరు ఏది తీసినా కింద కారణం రాయాలి. మొదటి రోజే ఆయన నాది తీసేశాడు! కారణం: "సోది". అందులో నేను రాసింది నీ గురించే, మన చెరువుగట్టు మీద ఆ రోజు...

బస్సు హారన్ కొడుతున్నాడు, కండక్టర్ చేత గద్వాలలో డబ్బాలో వేయించాలి. ఉంటా.