కాపలా కాసేవాడు

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. ఇంటి పనిలో పడి ఊపిరాడటం లేదు. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, చిన్నది టెన్త్‌కొచ్చింది, గోరంట్లలో ఇల్లు రెండో స్లాబ్ దాకా లేచింది. మిగతావి తర్వాత. అసలు సంగతి నీకు చెప్పందే నాకు నిద్రపట్టేలా లేదు.

మేస్త్రీ ముందు పిల్లరుకి రాక్షసుడి బొమ్మ కట్టాడు. ఎర్ర నాలుక, గుబురు మీసాలు, బయటికొచ్చిన కోరలు, పక్కన బూడిద గుమ్మడికాయ. అమ్మకి ఒళ్ళు మండింది. "కొత్తింటికి రాక్షసుడేంట్రా, పీకెయ్యమను!" మేస్త్రీ "దిష్టికమ్మా" అంటాడు, అమ్మ వినదు. సరిగ్గా అదే టైముకి ద్వారబంధం ముహూర్తం చెప్పడానికి శాస్త్రిగారొచ్చారు. బొమ్మ వంక చూసి, "ఉండనివ్వండమ్మా, వాళ్ళు పుట్టిందే కాపలాకి" అన్నారు.

ఇక వదుల్తానా! వాల్మీకి ఉత్తరకాండలో ఉందన్నారు. ఆ రాత్రే తీసి చదివాను. రాముడికి అగస్త్యుడు చెప్పే కథ. బ్రహ్మ ముందు నీళ్ళు సృష్టించి, వాటిని కాపాడటానికి కొన్ని ప్రాణుల్ని పుట్టించాడు. కొందరు "రక్షామః" అన్నారు, కొందరు "యక్షామః" అన్నారు. రక్షిస్తామన్నవాళ్ళే రాక్షసులు, రెండోవాళ్ళు యక్షులు. రక్షరేకులో ఉన్న రక్షేరా, రాక్షసుడిలో ఉన్నదీ!

మరి అంతలేసి ఒళ్ళెందుకంటావా? అదీ అక్కడే ఉంది. విద్యుత్కేశుడనే రాక్షసుడి భార్య సాలకటంకట, కన్నబిడ్డని కొండమీద వదిలేసి మొగుడి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పసిగుడ్డు పిడికిలి నోట్లో పెట్టుకుని సన్నగా ఏడుస్తోంది. నంది మీద వెళ్తున్న శివపార్వతులు విన్నారు. జాలిపడి శివుడు వాణ్ణి అప్పటికప్పుడు తల్లి ఈడువాణ్ణి చేశాడు. పార్వతి ఇంకో వరమిచ్చింది: రాక్షస స్త్రీలు గర్భం దాల్చగానే కనాలి, కన్న బిడ్డ వెంటనే తల్లి వయసుకి ఎదగాలి. వాడే సుకేశుడు. వాడి కొడుకు సుమాలి, సుమాలి కూతురు కైకసి, ఆవిడ కొడుకు రావణుడు.

పిడికిలి నోట్లో పెట్టుకుని ఏడ్చిన రాక్షసుడు! ఇన్నేళ్ళూ మనకెవరూ చెప్పలేదేంట్రా? చదువుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పట్నుంచి ఆ మాట ఎక్కడ వినపడినా ఆగిపోతున్నాను. సింగరేణిలో తవ్వేది రాక్షసి బొగ్గు. ఓవెన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1842లో గ్రీకు మాటలతో డైనోసార్, అంటే 'భయంకరమైన బల్లి' అని పేరు పెడితే, మనకది రాక్షసబల్లి అయింది. మా ఆవిడ చిన్నదాన్ని "పిల్ల రాక్షసీ" అంటే అందులో ఉన్నదంతా ముద్దే. యార్డుకొచ్చే మిరపకాయల లారీల వెనకా అదే కోరల ముఖం, సరుక్కి కాపలా.

మన హాస్టల్ బ్రహ్మరాక్షసి గుర్తున్నాడా? ఆయనదీ రాత్రంతా కాపలాయేగా! ఆ జామకాయల రాత్రి నువ్వు గోడమీద... సర్లే, ఉత్తరం మీ ఆవిడ చదువుతుంది.

అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. బొమ్మ ముఖం వీధివైపు తిప్పించింది, అంతే.

యక్షుల సంగతి చెప్పనేలేదు. కుబేరుడూ రావణుడూ ఒకే తండ్రి బిడ్డలు కదా, మరి ఒకడు యక్షులకి రాజై, ఇంకొకడు... కరెంటొచ్చింది! స్లాబుకి నీళ్ళు పట్టాలి. మళ్ళీ రాస్తా.

నీ
రాఘవ