పువ్వు పూయకముందే పీకించండి సార్

కర్ణాటక ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది కదిరి. బెంగళూరు వచ్చి పదిహేడేళ్ళయింది, కె.ఆర్.పురం వైపు ఇంట్లోనే బ్లౌజులు కుట్టుకుంటా ఉంటా. కన్నడ మాట్లాడతా గానీ రాయడం రాదు, అందుకే తెలుగులో రాస్తా ఉన్నా, మా పాప కన్నడలో రాసిస్తానంది, అది కూడా పంపిస్తా. అసలు ఈ లెటర్ ఆ పాప గురించే.

మా ఇంటి పక్కన ఒక థర్టీ ఫార్టీ సైట్ ఖాళీగా ఉంది, ఓనర్ ఎక్కడో ఫారిన్‌లో ఉంటాడంట, మేం ఒక్కసారి కూడా చూళ్ళేదు. సైట్ నిండా వయ్యారిభామే. ఇక్కడ కాంగ్రెస్ గిడ అంటారు కదా, ఆ పేరులో నాకేం రాజకీయం లేదు సార్, అందరూ అట్లనే పిలుస్తారు. మొలిచినప్పుడు క్యారెట్ ఆకులా ముద్దుగానే ఉంటుంది, నెల తిరిగేసరికి సగ్గుబియ్యం చల్లినట్టు తెల్లగా పూస్తుంది, ఇంక అప్పట్నుంచి మాకు నిద్ర లేదు. పాపకి సాయంత్రం తుమ్ములు, కళ్ళు దురద, రాత్రి రెండింటికో మూడింటికో పిల్లికూతలు. గోడకి దిండు ఆనించి కూర్చోబెట్టి ఇన్హేలర్ కొట్టించి వీపు నిమురుతా ఉంటా, ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతు కింద ఆ గుంట లోపలికి పోతా ఉంటుంది, అది చూస్తా తెల్లారేదాకా కూర్చోవాలి. చేతి మీద చుక్కలు వేసి ఎలర్జీ టెస్ట్ చేస్తే పార్థీనియం, అంటే ఈ వయ్యారిభామ చుక్క దగ్గరే కందిరీగ కుట్టినట్టు ఉబ్బింది.

మేం వచ్చిన కొత్తలో ఇది వానాకాలం అయినాక పూసేది, ఎండిపోయేది. ఇప్పుడు వానకి టైమే లేదు కదా. 2024 ఏప్రిల్‌లో ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డాం, అదే ఏడాది అక్టోబర్‌లో యలహంక వైపు అపార్ట్‌మెంట్లలోకి నీళ్ళొచ్చి జనాన్ని పడవల్లో తెచ్చారు. ఈ మొక్కకి కాలంతో పని లేదు, నేల తడిస్తే చాలు మొలుస్తుంది, ఎన్నిసార్లు తడిస్తే అన్ని పూతలు, ఒక్కో మొక్కకి విత్తనాలు వేలల్లో. పాప కోసం ఫోన్లో చదివి చదివి ఇంకొకటి కూడా తెలుసుకున్నా, దీనికి దగ్గర చుట్టం రాగ్‌వీడ్ అని అమెరికాలో ఉంది, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపు చేసిన గాలిలో దాన్ని పెంచి చూస్తే పుప్పొడి 61 శాతం ఎక్కువ వచ్చిందంట. అక్కడ 1990 నుంచి 2018 లోపల పుప్పొడి సీజనే ఇరవై రోజులు పెరిగిందంట. మన దగ్గర ఎంత పెరిగిందో నాకెవరైనా చెప్తే బాగుండు, నేనైతే పాప ఇన్హేలర్ ఎన్ని రోజులకి అయిపోతా ఉందో దాన్ని బట్టే లెక్క వేసుకుంటా.

రోజూ ఏక్యూఐ అని గాలి ఎంత బాగుందో లెక్క చెప్తారు కదా సార్, దాంట్లో ఎనిమిది రకాల కాలుష్యం చూస్తారు, పీఎం 2.5 అనే సన్నటి ధూళి, ఓజోన్, సీసం కూడా, పుప్పొడి మాత్రం లేదు. యాప్‌లో పచ్చగా 'బాగుంది' అని ఉన్న రోజే పాపని నెబులైజర్ పెట్టించడానికి ఎత్తుకుని పరిగెత్తా. చండీగఢ్‌లో ఏ నెలలో ఏ పుప్పొడి ఎక్కువో క్యాలెండర్ తయారు చేశారు, బెంగళూరులో ఇన్ని కాలేజీలు ఇన్ని ల్యాబ్‌లు పెట్టుకుని మనం ఎందుకు చెయ్యకూడదు? గాలిలో మిషన్ పెట్టి లెక్కబెట్టి రేపు ఎక్కువుంటుంది అని పొద్దున ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తే చాలు, ఆ రోజు కిటికీ మూసేస్తా, బట్టలు లోపల ఆరేస్తా, పీటీ పీరియడ్ వద్దని టీచర్‌కి చెప్పుకుంటా.

ఇంక ఈ మొక్కని తీసే సంగతి. కార్పొరేషన్‌కి కంప్లైంట్ ఇస్తే అసలు రారని కాదు, వస్తారు, సరిగ్గా పూత మీద ఉన్నప్పుడు వస్తారు! పోయినసారి మిషన్‌తో కోసేశారు, తెల్లటి పొడి లేచి నేను కుడతా ఉన్న నల్ల బ్లౌజు మీదికి కూడా వచ్చింది, ఆ రాత్రి సంగతి మీరే ఊహించుకోండి. కోసిన మోడు నుంచి మూడు వారాలకి మళ్ళీ చిగురేసి పూసింది. వచ్చిన పౌరకార్మికుల్లో ఒక అక్క మన తెలుగామె, చేతులు చూపించింది, మోచేతుల దాకా గోకి గోకి చర్మం ఏనుగు తోలులా మందమైపోయింది, గ్లౌజులు లేవు, చీర కొంగే మాస్క్. మా పాపకన్నా ముందు ఆమెకి ట్రీట్‌మెంట్ చేయించాలి సార్.

చట్టం లేదా అంటే 1975లోనే కర్ణాటకలో దీన్ని పీకెయ్యాల్సిన కలుపు అని నోటిఫై చేశారు, అప్పటికి నేను పుట్టను కూడా లేదు. కొత్తగా ఏం అడగట్లేదు, వాన పడిన నెల లోపల, పువ్వు రాకముందు, నేల తడిగా ఉన్నప్పుడే గ్లౌజులు ఇచ్చి వేర్లతో సహా పీకించండి, ఖాళీ సైట్ ఓనర్లకి ఆ ఖర్చు ట్యాక్స్‌తో కలిపి వేసెయ్యండి, వాళ్ళు కడతారు. మీ డిపార్ట్‌మెంట్ పని కాదంటారేమో, నిజమే, కానీ ఆస్పత్రికి వచ్చేది మీ దగ్గరికే కదా.

పోయిన వారం వాన పడింది. పొద్దున గోడ మీద నుంచి తొంగి చూశా, సైట్ అంతా మళ్ళీ పచ్చగా, రెండేసి ఆకులతో మొలిచి ఉంది. ఇంకా నెల టైముంది సార్.

ఇట్లు,
కె.ఆర్.పురం నుంచి ఒక టైలరమ్మ