నగర జన్మదినం పాత ఇళ్లలో జరగాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. నగర ఆవిర్భావ దినోత్సవం అంటే వేదిక, ఉపన్యాసాలు, బాణసంచా అనే ఆనవాయితీ చాలాచోట్ల స్థిరపడింది. ఆ రోజున, మిగిలి ఉన్న పాత ఇళ్ల తలుపులు తెరిచి జనాన్ని లోపలికి ఆహ్వానించడమే తగిన వేడుక అని నా అభిప్రాయం.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌ను 1781 సెప్టెంబరు 4న స్థాపించింది 11 కుటుంబాలకు చెందిన 44 మంది. వారిలో అత్యధికులు ఆఫ్రికన్, ఆదివాసీ మూలాలున్న సామాన్యులు. ఏటా ఆ తేదీ సమీపించినప్పుడు వారి వారసులు, నగరవాసులు శాన్ గాబ్రియేల్ మిషన్ అనే పాత క్రైస్తవ మత కేంద్రం నుంచి 9 మైళ్లు నడిచి పాత కూడలికి చేరుకుంటారు. అక్కడికి దగ్గర్లోనే, ఒల్వేరా వీధిలో, 1818లో ఫ్రాన్సిస్కో అవిలా కట్టించిన ఇల్లు ఉంది. నగరంలో నేటికీ నిలిచిన నివాసాల్లో అతి పాతది అదే. 1920ల చివర్లో దాన్ని కూల్చివేయబోతే క్రిస్టీన్ స్టెర్లింగ్ అనే మహిళ ప్రజలను కూడగట్టి కాపాడారు. 1971 భూకంపంలో దెబ్బతిన్నాక కూడా బాగుచేసి మళ్లీ తెరిచారు. ఎండబెట్టిన మట్టి ఇటుకలతో కట్టిన ఆ గోడల మందం, వంటింటి అమరిక చూసిన పిల్లలకు ఆనాటి బతుకు అర్థమైనంతగా ఏ ఉపన్యాసం విన్నా అర్థం కాదు.

అయితే ఆ ఇల్లు నగరం పుట్టిన 37 ఏళ్లకు వెలిసిందని, స్థాపనకు ముందే ఆ ప్రాంతంలో టోంగ్వా అనే ఆదివాసీ ప్రజల యాంగా గ్రామం ఉండేదని సందర్శకులకు స్పష్టంగా చెప్పాలి. ఈ సంగతి దాచిపెట్టే ఉత్సవం చరిత్రకు అన్యాయం చేసినట్టే.

మరో ముఖ్య విషయం మరమ్మతులు. ఉత్సవం ముంచుకొస్తోందని హడావిడిగా మట్టి గోడలకు సిమెంటు పూత పూస్తే లోపలి తేమ బయటికి పోయే దారిలేక గోడ లోలోపలే మెత్తబడి కూలుతుంది. మట్టి పూతో, సున్నపు పూతో వేయాలి, అది తెలిసిన పనివారికే అప్పగించాలి. చిన్న గదుల్లోకి ఒకేసారి ఎందరిని పంపవచ్చో ముందే నిర్ణయించుకోవాలి.

కనుక నగర పాలక సంస్థలు ఉత్సవాల నిధుల్లో కొంత భాగాన్ని ఏటా ఈ ఇళ్ల మరమ్మతులకే కేటాయించాలని, ఆ ఒక్క రోజుతో సరిపెట్టకుండా ఏడాది పొడవునా వాటిని సందర్శకులకు తెరిచి ఉంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు