అమ్మా, ఐసూ, ఎదురింటి కుర్రాడూ

లీహై, యూటా
ఆదివారం రాత్రి

ఒరేయ్ పాస్టరూ,

ముందే తిట్టకు. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైన మాట నిజమే. జవాబు మొదలుపెట్టిన కాయితం మీద మావాడు ట్రాక్టరు బొమ్మ వేశాడు, ఇది రెండోది. అందరం బాగున్నాం. ఉద్యోగం ఉంది. అమ్మ వచ్చి నెలైంది, మోకాళ్ళు అలానే ఉన్నాయి. నీ చెల్లెలు నిన్ను అడిగానని చెప్పమంది. చెప్పేశా.

ఇక అసలు సంగతి. నిన్న మా హాల్లో దేవుడికి ఒళ్ళుందా లేదా అని రెండు గంటలు వాదన జరిగిందిరా. అదీ తెలుగులో! ఒకవైపు అమ్మ. రెండోవైపు ఎదురింటాళ్ళ అబ్బాయి, పచ్చగడ్డం తెల్లోడు.

వీళ్ళు మోర్మన్లు, జోసఫ్ స్మిత్ అనే ఆయన పెట్టిన సంఘం. వీళ్ళలో మగపిల్లలు చాలామంది పద్దెనిమిదేళ్ళు నిండగానే రెండేళ్ళు సువార్తకి వెళ్తారు, ఎక్కడికి పంపితే అక్కడికి. వీణ్ణి రాజమండ్రి పంపారు. తలుపు తియ్యగానే, "వందనాలండీ అమ్మగారూ, ఆయ్, బాగున్నారాండీ" అన్నాడు. అమ్మ చేతిలో గరిటె జారింది. టీ పెడతానంటే వద్దండీ, మేం టీ కాఫీలు తాగం, మజ్జిగుంటే ఇవ్వండి అన్నాడు. అక్కడే అమ్మ సగం పడిపోయింది.

(మోర్మన్లు అనకూడదట. 2018లో వాళ్ళ అప్పటి అధ్యక్షుడు నెల్సన్ పూర్తి పేరే వాడమన్నాడు: యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. మన మధ్య మాత్రం మోర్మన్లే, నాకంత ఓపిక లేదు.)

అమ్మ సంబరంగా, "మీరూ తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అంటారుగా నాయనా, ఇంకేం, మనం మనం ఒకటే" అంది. వాడు ఊరుకోవచ్చుగా! "ముగ్గురూ వేరువేరండీ. మనసు ఒకటి, మనుషులు ముగ్గురు. తండ్రికి మాంసం, ఎముకలు ఉన్నాయండీ, కుమారుడికీ ఉన్నాయి. పరిశుద్ధాత్మకే లేవు" అన్నాడు. 1820లో న్యూయార్కు రాష్ట్రంలో పధ్నాలుగేళ్ళ జోసఫ్ స్మిత్ చెట్లలో మోకరిస్తే తండ్రీ, కుమారుడూ పక్కపక్కన నిలబడి కనిపించారట. ఆ ఒళ్ళు సంగతి 1843లో ఆయన చెప్పిందే, వాళ్ళ గ్రంథాల్లో ఉంది.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. అంటే నీకు తెలుసుగా! "యోహాను నాలుగు, ఇరవై నాలుగు. దేవుడు ఆత్మ." వాడు వెంటనే, "ఆదికాండం ఒకటి, ఇరవయ్యారండీ. మన స్వరూపమందు, మన పోలికె చొప్పున." అమ్మ పోలికంటే గుణాల్లో పోలిక అంది. వాడు అపొస్తలుల కార్యాల్లో స్తెఫను చూసిన దర్శనం దగ్గరికెళ్ళాడు, "దేవుని కుడిపార్శ్వమందు యేసు నిలిచాడంటే ఎడమా కుడీ ఉన్నట్టేగాండీ."

అప్పుడు తీసిందిరా అమ్మ బ్రహ్మాస్త్రం. నీళ్ళు, ఐసు, ఆవిరి! ఒకటే పదార్థం, మూడు రూపాలు. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయా. సండేస్కూల్లో "ఐసు కరిగిపోతే కుమారుడేమవుతాడు టీచర్" అని అడిగి నువ్వు బెంచీ ఎక్కలేదూ! ముప్ఫై ఏళ్ళ తర్వాత వీడూ అదే అడిగాడు, కాస్త మర్యాదగా. "యేసు బాప్తిస్మమప్పుడు యోర్దాను నదిలో కుమారుడు నీళ్ళలో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగింది, తండ్రి స్వరం పైనుంచి వచ్చింది. ముగ్గురూ ఒకేసారి ఉన్నారుగాండీ. మరి ఐసెవరు, ఆవిరెవరు?"

నిజానికి ఆ ఐసు పోలిక మన సిద్ధాంతానికే తప్పురా. మనవాళ్ళు చెప్పేది ఒకరే మూడు వేషాలు కట్టారని కాదు, ఒకే దైవత్వంలో ముగ్గురు వ్యక్తులని. 325లో నైసియాలో బిషప్పుల సభ తేల్చింది తండ్రీ కుమారుల తత్వం ఒకటేనని. ఆ తత్వం అన్న మాటే మోర్మన్లకి పడదు, బైబిల్లో లేదంటారు. నువ్వు బెంచీ ఎక్కడం మాత్రం అన్యాయమే. ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నా.

సరే, అమ్మ ఓడిపోలేదు. వాడు మాటల్లో మాటగా, దేవుడూ ఒకప్పుడు మనలాంటివాడేనని స్మిత్ 1844లో నావూ అనే ఊళ్ళో ప్రసంగించాడనీ, మనమూ ఎదిగి ఆయనలా కావచ్చనీ అన్నాడు. అమ్మ పుస్తకం మూసేసింది. "కుండ ఎంత బాగా కాలితే మాత్రం కుమ్మరి అవుద్దా నాయనా?"

వాడికి నోట మాట రాలేదు. నాకు అసలు తేడా అక్కడ కనబడిందిరా. చేతులూ కాళ్ళూ కాదు. మనకి చేసినవాడు వేరు, చేయబడింది వేరు, శూన్యంలోంచి పుట్టించాడు, ఆ గీత ఎవరూ దాటలేరు. వాళ్ళకి పదార్థం ఎప్పుడూ ఉంది, దేవుడు దాన్ని అమర్చాడు. ఆయనా మనమూ ఒకే వంశం, ఆయన నిజంగా తండ్రి. పైన తల్లి కూడా ఉందట, కానీ ఆమెకి ప్రార్థన చెయ్యరట. అమ్మ దానికి మాత్రం ఏమీ అనలేదు. "పాపం" అంది అంతే. ఎవర్ని పాపమందో అడగలేదు.

వెళ్ళేముందు వాడు అమ్మని ప్రార్థన చెయ్యమన్నాడు. 1878లో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మానికి మునిగారే, ఆ వంశం మాది అని చెప్పి మరీ మొదలెట్టింది. "ప్రభువా, నీ బలమైన హస్తముతో ఈ బిడ్డను పట్టుకొని..." హస్తం అనగానే వాడు ఒక కన్ను తెరిచి నావంక చూశాడు. నేనూ తెరిచే ఉన్నాలే.

రాత్రి పదకొండింటికి లేచి చూస్తే అమ్మ వంటింట్లో లైటు వెయ్యకుండా కూచునుంది. "మీ నాన్న పోయిన రోజు ఎవరో నా తలమీద చెయ్యి పెట్టినట్టయిందిరా. ఆత్మకి చెయ్యి ఉండదు, నాకు తెలుసు. అయినా బరువు తెలిసింది" అంది. నేనేమనాలి చెప్పు? నువ్వైతే ఏదో ఒక వెధవ జోకు వేసి నవ్వించేవాడివి. నేను మజ్జిగ

మావాడు లేచాడు, ఏడుస్తున్నాడు. రేపు పొద్దున్నే పోస్టులో పడేస్తా, లేకపోతే దీని మీద కూడా ట్రాక్టరు వస్తుంది. అత్తమ్మని అడిగానను.

నీ
బక్కోడు