ఆ దారి కథలో మనవాళ్ళు ఏరీ?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఇటలీ 'స్వేచ్ఛా పథం' మీద వచ్చిన వ్యాసం చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు. సుల్మోనా నుంచి మయెల్లా కొండలెక్కి కాసోలిలో దిగే నడకదారి. ఎక్కడ బస చేయాలో, ఏం తినాలో అన్నీ రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు చిక్కకుండా ఆ కొండలు దాటి తప్పించుకున్న ఖైదీలు ఎవరంటే ఇంగ్లీషువాళ్ళు, అమెరికన్లు అని సరిపెట్టేశారు. భారతీయుల గురించి ఒక్క ముక్క లేదు!

1943 సెప్టెంబరులో ఇటలీ మిత్రరాజ్యాలకు లొంగిపోగానే, అక్కడ బందీలుగా ఉన్న మిత్రరాజ్యాల సైనికులు శిబిరాల నుంచి వేల సంఖ్యలో బయటపడ్డారు. సుల్మోనాకు పెద్ద దూరం కాని అవెజ్జానో శిబిరంలో ఉంచింది మన సైనికులనే. పారిపోయిన ఖైదీలను ఆదుకున్నందుకు మిఖేలె దెల్ గ్రేకో అనే గొర్రెల కాపరిని జర్మన్లు కాల్చి చంపారు. ఆయన పేరు కూడా మీ వ్యాసంలో లేదు.

ఆ నవంబరులో వానలకు పొంగిన సంగ్రో నది దగ్గర బ్రిటిష్, న్యూజిలాండ్ దళాలతో కలిసి జర్మన్లతో పోరాడింది మన 8వ భారత డివిజన్. తొరినో ది సంగ్రో యుద్ధ శ్మశానంలో, దహనం చేసిన మన జవాన్లకు విడిగా ఒక స్మారకం ఉంది. 500 మందికి పైగా పేర్లున్నాయి దాని మీద. ఇటలీ మొత్తం మీద మనవాళ్ళు 5,700 మందికి పైగా ప్రాణాలిచ్చారు. ఇటలీలోనే జరిగిన కాసినో యుద్ధంలో మద్రాస్ సాపర్స్ (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) కూడా ఉన్నారు. ఆ దళంలో తెలుగువాళ్ళు తరతరాలుగా పనిచేస్తున్నారు. తెలుగు పత్రికకు ఇంతకన్నా ఏం కావాలి?

మిమ్మల్ని మాత్రమే అని ఏం లాభం? రెండు ప్రపంచ యుద్ధాలకూ కొడుకులను పంపిన ఊరు మాది. మా పెదతాత ఇటలీలో ఏ సైనిక దళంలో చేశాడో తెలుసుకుందామని అర్జీ పెడితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి పొమ్మంది, అక్కడ పాత కాగితాలు లేవన్నారు. ఉత్తరానికి ఉత్తరం రాసే అలవాటే పోయింది అధికారులకి. సాయుధ దళాల పతాక దినోత్సవానికి చందా డబ్బాలు మాత్రం తప్పకుండా వస్తాయి.

సుల్మోనాలో 2001 నుంచి దాదాపు ఏటా జనం ఆ దారిన నడుస్తున్నారు, బడి పిల్లలు కూడా. తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలికి సంగ్రో పేరే తెలియదు. మీరు రాస్తేనే కదా తెలిసేది! వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే చోటిచ్చి, 8వ డివిజన్ గురించి, అవెజ్జానో ఖైదీల గురించి వేయండి.

– ఒక సైనిక కుటుంబీకుడు,
మాధవరం, పశ్చిమ గోదావరి జిల్లా