వేడి తీగ నీళ్ల పైపుకి, పొగ పైపుకి కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికా వెళ్లే తల్లిదండ్రుల కోసం చలికాలం జాగ్రత్తలంటూ మొన్న ఆదివారం ఒక పేజీ వేశారు. థర్మల్ బనియన్లు, గ్లౌజులు, పెదాలకు పూసుకునే క్రీములు, ఐసు మీద జారని బూట్లు, అన్నీ పనికొచ్చేవే. అయితే ఇంట్లో హీటరు ఆగిపోతే ఏం చూడాలో ఒక్క ముక్క లేదు. పగలంతా పిల్లలు ఆఫీసుల్లో ఉంటారు. ఇంట్లో ఉండేది పసిపిల్లలతో మేమే. కాబట్టి ఆగిపోయిన హీటరుని ముందు చూసేదీ మేమే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరైనవాణ్ణి కనక, నాకు తెలిసిన మేరకు ఆ లోటు పూడుద్దామని ఈ ఉత్తరం.

అమ్మాయి పురుడికని మేమిద్దరం డిసెంబరులో మినియాపోలిస్ పక్క ఊరికి వచ్చాం. జనవరిలో ఒకరోజు పొద్దున బయట మైనస్ 20 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 29. లంబసింగిలో సున్నాకి దగ్గరైతేనే టీవీ వాళ్లు కెమెరాలు పట్టుకుని పరిగెత్తే చోటి నుంచి వచ్చాం, ఈ అంకె మా ఊహకే అందదు. అల్లుడు ఆఫీసుకి వెళ్లిపోయాడు. పది దాటాక ఇల్లు చల్లబడటం మొదలైంది. మా ఆవిడ మనవరాలికి ఇంకో దుప్పటి చుడుతూ, "ఏవండీ, ఆ హీటరు తిరుగుతోంది, ఆగుతోంది, మళ్లీ తిరుగుతోంది. కాస్త చూసి రండి" అంది.

ఆ హీటరు, అంటే గ్యాస్ మండించి ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేసు, గరాజ్ వెనక చిన్న గదిలో ఉంది. లోపలి చిన్న ఫ్యాను తిరుగుతుంది, ఎక్కడో గుడగుడమని నీళ్ల చప్పుడు వస్తుంది, మంట అంటుకోకుండానే అంతా ఆగిపోతుంది. కాసేపాగి మళ్లీ మొదటి నుంచి అదే వరస. తలుపుకున్న గాజు కన్నంలోంచి చూస్తే ఎర్ర లైటు ఆగాగి వెలుగుతోంది. ఎన్నిసార్లు వెలిగితే ఏమిటో పట్టిక తలుపు వెనకే అంటించి ఉంటుంది. ప్రెషర్ స్విచ్ అని ఉంది. ఇంటర్‌లాక్ అంటే మా స్టేషన్‌లో చేసినవాడికి వేరే చెప్పక్కర్లేదు. డ్రాఫ్ట్, అంటే పొగని బయటకి లాగే గాలి, సరిగా లేకపోతే బాయిలర్‌లో మంట వెయ్యనివ్వరు, ఇక్కడా అంతే. పొగ బయటకి పోయే దారి బాగుందని ఆ స్విచ్ ఒప్పుకుంటేనే గ్యాస్ తెరుచుకుంటుంది. మరి పొగదారిని మూసిందేమిటి? నీళ్లు.

ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. పాతరకం ఫర్నేసు పొగ బాగా వేడిగా చిమ్నీలోంచి పైకి పోయేది. ఇప్పుడొస్తున్న, గ్యాస్ వేడిలో 90 శాతం పైగా వాడుకునే రకాలు ఆ పొగలోని వేడిని కూడా పిండుకుని, చల్లారిన పొగని తెల్ల పీవీసీ పైపులోంచి గోడ బయటకి తోసేస్తాయి. గ్యాస్ మండినప్పుడు పుట్టే ఆవిరి, అన్నం గిన్నె మూత కింద చెమ్మ పట్టినట్టు, లోపలే నీరవుతుంది. గట్టి చలిరోజున ఆ నీళ్లు ఒక బకెట్ దాకా వస్తాయి. వాటికి కాస్త యాసిడ్ గుణం ఉంటుంది కనక ప్లాస్టిక్ పైపులోంచే డ్రెయిన్‌కి పంపిస్తారు. ఆ పైపు వెచ్చటి బేస్‌మెంట్‌లోనే ఉంటే ఏ గొడవా లేదు. మా అమ్మాయి ఇంట్లో అది గరాజ్ గోడ వెంట పోతుంది, గరాజ్‌కి హీటింగ్ లేదు. నీళ్లు ధారగా పడితే కొంత నయం. ఇవి సన్నగా కారతాయి, కారిన చుక్క కారినట్టే పొర మీద పొరగా గడ్డకడుతుంది. చివరికి పైపు మూసుకుపోయి, నీళ్లు వెనక్కి ఎక్కి ఫర్నేసు కడుపులోనే నిలబడతాయి.

తమాషా ఏమిటంటే, ఆ పైపుకి హీట్ కేబుల్, అంటే కరెంటుతో వేడెక్కే తీగ, అప్పటికే చుట్టి ఉంది. ఇల్లు అమ్మినాయన ఎప్పుడో చుట్టించాడట. దాని ప్లగ్గు పెయింటు డబ్బాల వెనక ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉంది. అది చూడగానే సగం విషయం బోధపడింది. కరెంటు డిపార్ట్‌మెంటు మనిషిని కదా, ఎవరింటికి వెళ్లినా నా కళ్లు ముందు బోర్డుల మీదికే పోతాయి. పైనున్న నురగ తొడుగు విప్పి చూశాను. ఈ కేబుల్‌కి ఒక చివర చిన్న థర్మోస్టాట్ ఉంటుంది. చుట్టూ చలి సుమారు 3 డిగ్రీల సెల్సియస్‌కి దిగితే కేబుల్‌ని ఆన్ చేస్తుంది, వెచ్చబడితే ఆపేస్తుంది. అందుకే దాన్ని పైపు మొత్తంలో ఎక్కువ చల్లబడే చోట ఆనించి కట్టాలి. వీళ్లు ఫర్నేసు గదిలోంచి పైపు బయటకొచ్చే చోట, వెచ్చటి గోడకి ఆనించి కట్టారు. దాని లెక్కలో చలికాలం ఇంకా మొదలే కాలేదు! పన్నెండడుగుల అవతల పైపు రాయిలా బిగుసుకుపోయినా కేబుల్‌లో చలనం లేదు. ఇక మొదటి మలుపు దగ్గర, గోడ వెచ్చదనం అందని చోట, కేబుల్‌ని దాని మీద దాన్నే అడ్డంగా వేశారు. వెనకెప్పుడో పనిచేసిన రోజుల్లో కాలి, అక్కడ పైపు గోధుమరంగుకి తిరిగింది. ఎప్పుడూ ఒకే వాటేజీతో కాలే రకాన్ని అలా ఒకదాని మీద ఒకటి వెయ్యకూడదు, రెండింటి వేడీ ఒకే చోట చేరుతుంది. ఈ దేశంలో ఇలాంటి కేబుళ్ల వల్ల ఇళ్లు తగలబడిన సందర్భాలున్నాయి. చలికి భయపడి కట్టుకున్నదే కొంప అంటిస్తే ఎవరికి చెప్పుకుంటాం?

మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చాడు. పైపుకి తువ్వాళ్లు చుట్టి గోరువెచ్చటి నీళ్లు పోశాడు, కాసేపు హెయిర్ డ్రయ్యర్ పట్టాడు. మరిగే నీళ్లు పొయ్యకూడదు, ప్లాస్టిక్ చిట్లుతుంది. ఐసు ముక్కలు జారి నీళ్లు భళ్లున పడ్డాయి, ఫర్నేసు అంటుకుంది. పాత కేబుల్ తీయించేసి సెల్ఫ్ రెగ్యులేటింగ్ రకం వేయించాం.

ఈ రకం నాకు భలే నచ్చింది. రెండు రాగి తీగల మధ్య కార్బన్ కలిపిన నల్లటి పాలిమర్ ఉంటుంది. చల్లబడితే అది ముడుచుకుంటుంది, కార్బన్ రేణువులు ఒకదానికొకటి ఆనతాయి, తీగకీ తీగకీ మధ్య కరెంటు ఎక్కువ పారి వేడి పుడుతుంది. వెచ్చబడితే సాగుతుంది, ఆ దారులు తెగి కరెంటు తగ్గుతుంది. కేబుల్ పొడవునా ఎక్కడికక్కడ ఎంత కావాలో అంతే. రేకెమ్ అనే అమెరికన్ కంపెనీ 1970ల్లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. మా స్టేషన్‌లో ఫర్నేస్ ఆయిల్ చిక్కబడి ఆగిపోకుండా లైన్ల వెంట సన్నటి స్టీమ్ పైపు వేసేవాళ్లం. ఆ పనే ఇక్కడ కరెంటు చేస్తోంది. అడుగుకి 5 వాట్లు వేసుకున్నా పన్నెండడుగులకి 60 వాట్లు, పాతకాలపు బల్బు ఒక్కటి. బిల్లు గురించి బెంగ అక్కర్లేదు.

కట్టడంలోనే ఉంది పని. ప్లాస్టిక్ పైపుకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న కేబులే కొనాలి. పైపు అడుగుభాగాన తిన్నగా పరిచి, అల్యూమినియం టేపు అంటిస్తే వేడి పైపంతా పాకుతుంది. మన ఎలక్ట్రీషియన్లు చుట్టే నల్ల టేపు ఇక్కడ వద్దు. దాని మీద ఇన్సులేషన్ తొడుగు, అదీ తయారీదారు ఒప్పుకున్న మందమే. నీళ్లు పడే ఆఖరి మూతి దాకా కేబుల్ పోవాలి. అరడుగు వదిలేస్తే ఐసు అక్కడే కూర్చుంటుంది. ప్లగ్గు నేరుగా గోడకున్న జీఎఫ్‌సీఐ సాకెట్‌లో పెట్టాలి. మన ఈఎల్‌సీబీలాగే లీకేజీ ఉంటే ట్రిప్ అవుతుంది. ట్రిప్ అయిందని విసుక్కుని ఇంకో సాకెట్‌కి మార్చేవాళ్లుంటారు, వాళ్లతోనే నాకు టెన్షన్. ఇవన్నీ పెద్దవాళ్లు నిచ్చెనెక్కి చెయ్యాలని కాదు. పిల్లలు పని చేయిస్తున్నప్పుడు పక్కన నిలబడి అడగడానికి.

ఇక అసలు సంగతి. పక్కింట్లో మన గుంటూరు కుర్రాడే ఒకడున్నాడు. మా కథ విని, "అంకుల్, మా ఇంటి బయట తెల్ల పైపు మూతికి కూడా ఐసు వేలాడుతోంది, మిగిలిన కేబుల్ ముక్క అందులోకి తోసేద్దామా" అన్నాడు. వద్దంటే వద్దు. అది నీళ్ల పైపు కాదు, పొగ పైపు. లోపల కేబుల్ పెడితే దారి ఇరుకవుతుంది. ఆ కేబుల్ పొగలోని యాసిడ్ తేమకి తట్టుకునేలా చేసినదీ కాదు. పీవీసీ 60 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడుతుంది. పొగ వెనక్కి తన్నితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకొస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు. మూతి చుట్టూ చేరిన మంచుని పారతో తియ్యాలి, వేలాడే ఐసుని చేత్తో మెల్లగా విరవాలి. పైపు పగిలేలా కొట్టకూడదు. అంతకు మించి ఏం చెయ్యాలన్నా టెక్నీషియన్ పని. పైపు ఫర్నేసు వైపుకి వాలుగా ఉందా, అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు కావాలి. మంచు ఎంత ఎత్తు పేరుకుంటుందో దానికి కనీసం అడుగు పైన మూతి ఉందా. వదిలిన పొగ, ఫర్నేసు గాలి పీల్చుకునే పక్క పైపులోకే మళ్లీ పోతోందా. అతనే చూసి చెబుతాడు.

ఆడవాళ్లకి ఇంకో మాట. బాలింత గదిలో కుంపటి పెట్టడం మనకి అలవాటు. ఆరోజు మా ఆవిడా అదే ఎత్తుకుంది, బొగ్గులు ఎక్కడ దొరుకుతాయని. చూరు కిందనుంచి గాలాడే మన పాత ఇళ్లు వేరు, కిటికీ సందు కూడా లేకుండా బిగించిన ఈ ఇళ్లు వేరు. ఇక్కడ కుంపటి పెడితే తల్లీబిడ్డా నిద్రలోనే పోతారు. గ్యాస్ ఓవెన్ తలుపు తెరిచి వెచ్చబెట్టుకోవడమూ అలాంటిదే. సాంబ్రాణి వేస్తే మాత్రం పొగ అలారం మోగి వీధి వీధంతా తెలుస్తుంది, ఆ అనుభవం మాకయింది. మేమున్న ఈ మినెసొటా రాష్ట్ర చట్టం ప్రకారం ప్రతి పడకగదికీ 10 అడుగుల లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. మీ పిల్లల ఇంట్లో ఉందో లేదో, బ్యాటరీ ఉందో లేదో దిగిన రోజే చూడండి. అది మోగితే బయట మైనస్ ఎంతున్నా సరే, పాపాయిని దుప్పట్లో చుట్టుకుని ముందు బయటపడాలి, తర్వాత 911. గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి కూర్చోవద్దు, అది అంతకన్నా ప్రమాదం.

కేబుల్ ఒక్కటే చాలని కూడా అనుకోవద్దు. కరెంటు పోతే అది ఉత్త తాడే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో జరిగింది అదే. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మనవాళ్లెంతమందో మీ పాఠకులకి తెలుసు. 16వ తేదీన డల్లాస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్. లక్షల ఇళ్లకి కరెంటు లేదు, అటకల మీది పైపులు పగిలి పైకప్పులు ఊడిపడ్డాయి. ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలోనే 246 మంది చనిపోయారు, అందులో కార్బన్ మోనాక్సైడ్ పాలైనవాళ్లూ ఉన్నారు. గ్రిడ్ మొత్తం కూలడానికి ఇంకా 4 నిమిషాల 37 సెకన్లే మిగిలిందని ఆ రాష్ట్ర గ్రిడ్ నడిపే ఎర్కాట్ సంస్థ తర్వాత చెప్పింది. ఫ్రీక్వెన్సీ మీటరు చూస్తూ డ్యూటీలు చేసినవాడికి ఆ మాట వింటేనే చెమటలు పడతాయి. అంతమేర కరెంటు ఎందుకు పోయింది? గ్యాస్ బావులు గడ్డకట్టాయి, పవర్ స్టేషన్లలో ప్రెషర్ చూపే సన్నటి ఇన్‌స్ట్రుమెంట్ పైపులు గడ్డకట్టి యూనిట్లు ట్రిప్ అయ్యాయి. చలికి తట్టుకునేలా ఏర్పాట్లు చేసుకోండని 2011లోనే చెప్పారు, చాలామంది వినలేదు. మా అమ్మాయి గరాజ్‌లో జరిగిన జబ్బే, సైజు పెద్దది. అందుకని కరెంటు పోతే కట్టెయ్యడానికి ఇంటి నీళ్ల మెయిన్ వాల్వు ఎక్కడుందో, దాన్ని ఎటు తిప్పాలో కూడా తల్లిదండ్రులకి చూపించాలి.

టికెట్లు బుక్ చేసే పిల్లలకి నాదొక విన్నపం. ఎయిర్‌పోర్టు నుంచి రాగానే నయాగరా ప్లాన్లు మొదలెట్టకుండా, అమ్మానాన్నల్ని ఒక్కసారి ఫర్నేసు దగ్గరికి తీసుకెళ్లండి. దాని స్విచ్, బయట తెల్ల పైపులు, డ్రెయిన్ పైపు చూపించి, టెక్నీషియన్ నంబరు ఫ్రిజ్ మీద తెలుగులో రాసి అంటించండి. మా అల్లుడు అంటించాడు, ఈ గొడవంతా అయ్యాకనుకోండి.

ఉత్తరం పొడుగైంది. జాగా చాలకపోతే నా పేరు వేయకపోయినా ఫర్వాలేదు, టెక్సాస్ సంగతి కత్తిరించినా సర్దుకుంటాను. పొగ పైపు గురించి, కుంపటి గురించి రాసినవి మాత్రం తీసెయ్యకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంజినీరు,
విజయవాడ (ప్రస్తుతం మినియాపోలిస్ దగ్గర)